చిన్న ఊళ్ళో క్రైస్తవ రేడియో పెట్టాలనుకుంటే

మన దేశంలో చర్చి పేరు మీద ఎఫ్ఎం లైసెన్సు రాదు. ఈ సంగతి ముందే తెలిస్తే చాలామందికి డబ్బూ, టైమూ మిగులుతాయి. ప్రైవేటు ఎఫ్ఎం ఛానళ్ళని ప్రభుత్వం వేలంలో ఇస్తుంది, ఆ వేలంలో పాల్గొనే కంపెనీకి మత సంస్థతో సంబంధం ఉండకూడదని నిబంధనల్లోనే ఉంది. అమెరికాలో పరిస్థితి వేరు, అక్కడ 2000 నుంచి 100 వాట్ల చిన్న ఎఫ్ఎం స్టేషన్లకి లైసెన్సులు ఇస్తున్నారు, చిన్న చిన్న ఊళ్ళ చర్చిలు కూడా అవి తీసుకుని నడుపుకుంటున్నాయి. అక్కడున్న మన బంధువులు అది చూసి మీరూ పెట్టండి అంటారు గానీ ఇక్కడ ఆ దారి లేదు.

కమ్యూనిటీ రేడియో అని ఇంకొకటి ఉంది. 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలకి కూడా ఇస్తున్నారు. ప్రసార శక్తి 100 వాట్లు, టవరు ఎత్తు 30 మీటర్లు, చుట్టూ ఐదు నుంచి పది కిలోమీటర్ల వరకూ వినిపిస్తుంది, అంటే ఒక చిన్న ఊరికీ దాని పక్క పల్లెలకీ సరిగ్గా సరిపోతుంది. దరఖాస్తు చేసే సంస్థ లాభాపేక్ష లేనిదై ఉండాలి, ఆ ప్రాంతంలో కనీసం మూడేళ్ళు సేవ చేసినట్టు చూపించాలి, కార్యక్రమాలు చదువు, ఆరోగ్యం, వ్యవసాయం, స్థానిక సంస్కృతి చుట్టూ ఉండాలి. వార్తలు సొంతంగా ఇవ్వడానికి లేదు. క్రైస్తవ సంస్థలు ఈ దారిలో నడుస్తున్న చోట్లు ఉన్నాయి. కేరళలోని వయనాడ్‌లో కేథలిక్ డయాసిస్ వాళ్ళ సేవా సంస్థ రేడియో మాట్టొలి నడుపుతోంది, మంగళూరులో జెసూట్లనే కేథలిక్ గురువుల సెయింట్ అలోషియస్ విద్యాసంస్థకి రేడియో సారంగ్ ఉంది. కానీ అవి ఊరి రేడియోలు. రైతులకీ, ఆదివాసీలకీ, జాలర్లకీ, విద్యార్థులకీ పనికొచ్చేవి అక్కడ వినిపిస్తాయి, ప్రసంగాల కోసం పెట్టిన స్టేషన్లు కావు. మీ సంఘానికి స్కూలో, ఆసుపత్రో, సేవా సొసైటీయో ఉండి, మతంతో పని లేకుండా ఊరంతటికీ సేవగా రేడియో నడపాలన్న మనసు ఉంటే ఆ దారి నిజంగా గొప్పది. అలాంటప్పుడు జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో దళిత మహిళలు 2008 నుంచి నడుపుతున్న సంగం రేడియో గురించి తెలుసుకోండి, వీలైతే వెళ్ళి చూడండి. రోజంతా వాక్యం, పాటలు, ప్రార్థన అనుకుంటే మాత్రం ఆ దరఖాస్తు పెట్టకండి, ఒకటి చెప్పి లైసెన్సు తీసుకుని ఇంకొకటి చేయడం మనకి తగదు.

ఆన్‌లైన్‌లో చిన్న ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్లు దొరుకుతున్నాయి, మేడ మీద పెట్టుకుంటే నాలుగు వీధులకి వినిపిస్తుంది, ఎవరికి తెలుస్తుంది అనే ఆలోచన యూత్‌లో తప్పకుండా వస్తుంది. వద్దు. లైసెన్సు లేకుండా ప్రసారం చేయడం నేరం. బీహార్‌లోని మన్సూర్‌పూర్ అనే పల్లెలో ఒక కుర్రాడు సొంతంగా తయారుచేసిన పరికరంతో రాఘవ్ ఎఫ్ఎం అని నడిపాడు, జనం ఎంతో ఇష్టంగా విన్నారు, అయినా 2006లో అధికారులు వచ్చి మూసేశారు. అక్కడ మతం గొడవే లేదు. మన విషయంలో అలా జరిగితే పోయేది ఒక పరికరం కాదు, ఊళ్ళో సంఘానికున్న పేరు.

కాబట్టి మనకి మిగిలింది ఇంటర్నెట్ రేడియో. ఇప్పటికి దానికి ఎఫ్ఎంకి లాంటి లైసెన్సు అక్కర్లేదు. ఇక్కడినుంచి రాసేదంతా దాని గురించే.

ఎందుకు పెడుతున్నారో ముందు తేల్చుకోండి

మన పెద్దవాళ్ళకి రేడియోలో వాక్యం వినడం కొత్త కాదు. సీషెల్స్ దీవుల నుంచి ఫీబా అనే క్రైస్తవ రేడియో సంస్థ షార్ట్‌వేవ్ ప్రసారాలు 1970 నుంచి 2003 వరకూ వచ్చాయి, శ్రీలంకలోని పుత్తలం నుంచి మీడియం వేవ్ 882 కిలోహెర్ట్జ్ మీద ట్రాన్స్ వరల్డ్ రేడియో వచ్చేది. రాత్రి పూట గరగర శబ్దంలో చెవి పెట్టుకుని తెలుగు వాక్యం కోసం వెతికిన తరం ఇంకా మన సంఘాల్లో ముందు వరసలో కూర్చుంటోంది. వాళ్ళకి అప్పుడు వేరే దారి లేదు. ఇప్పుడు ఫోను తెరిస్తే పెద్ద పెద్ద ప్రసంగీకుల వర్తమానాలు, ఆర్కెస్ట్రాతో చేసిన పాటలు రోజంతా వినొచ్చు. వాటినే తెచ్చి మళ్ళీ మీ రేడియోలో వేస్తే వినడానికి ఎవరూ రారు, రావాల్సిన అవసరం కూడా లేదు.

చిన్న ఊరి రేడియోకి ఉన్న బలం ఒక్కటే, ఆ ఊరి గొంతులు. పక్క వీధి సండే స్కూల్ పిల్ల కంఠతవాక్యం చెప్పడం, ఎనభై దాటిన బైబిలు స్త్రీ పాత రోజుల్లో గోదావరి లంకల్లోకి పడవ మీద సువార్తకి ఎలా వెళ్ళేవాళ్ళో చెప్పడం, స్త్రీల సమాజం వాళ్ళు హార్మోనియం, తాళాలతో పాత కీర్తన అందుకోవడం, రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా ఉండే అన్న తన ప్రార్థన తన మాటల్లో చెయ్యడం, ఇవి ప్రపంచంలో ఇంకెక్కడా దొరకవు. రోజుకి అరగంట ఇలాంటిది చేయగలిగితే పెట్టండి, చేయలేకపోతే పెట్టకండి. నేను ఈ విషయంలో మెత్తగా చెప్పను, ఎందుకంటే పాటల లిస్టు ఒకటి తిప్పుతూ రేడియో అని పేరు పెట్టి ఆరు నెలలకి ఆపేసినవి చాలా ఉన్నాయి.

ఇరవై నాలుగు గంటల ప్రసారం అని బోర్డు పెట్టుకోవాలన్న ఆశ వదిలేయండి. కొత్త కార్యక్రమం రోజుకి అరగంట చాలు, దాన్నే మూడు సార్లు వేయండి, మధ్యలో కీర్తనలు, బైబిలు పఠనం నడుస్తాయి. టైము మాత్రం మారకూడదు. తెల్లవారుజామున ఐదున్నర, మధ్యాహ్నం వంట పని అయ్యాక ఒంటిగంటన్నర, రాత్రి పదిన్నర అనుకోండి. రాత్రి పదిన్నర ఎందుకంటే, గోదావరి జిల్లాల నుంచీ కడప, రాయచోటి వైపు నుంచీ ఇళ్ళల్లో పనికని కువైట్ వెళ్ళిన అమ్మలు వేలల్లో ఉన్నారు, మనకి పదిన్నర అయితే అక్కడ ఎనిమిది. సొంత ఊరి మాట వినాలన్న ఆకలి వాళ్ళకి ఉన్నంతగా ఊళ్ళో ఉన్నవాళ్ళకి కూడా ఉండదు. అక్కడ సెలవు శుక్రవారం, ఆరాధనలు కూడా ఎక్కువగా శుక్రవారమే, కాబట్టి ఆదివారం మీ సంఘంలో రికార్డు చేసినది శుక్రవారం వాళ్ళ కోసం మళ్ళీ వేయండి. ఇంట్లో పిల్లల చేత అమ్మకి ఒక మాట చెప్పించి వేస్తే ఆ వారమంతా వాళ్ళకి అదే చాలు.

కమిటీ

ఒకే పాస్టరుగారి రేడియో అయితే అది ఆ సంఘం రేడియో అవుతుంది, ఊరి రేడియో కాదు. మన ఊళ్ళల్లో లూథరన్, బాప్టిస్టు, సీఎస్ఐ, బ్రదరన్, ఆర్‌సీఎం, పెంతెకొస్తు, ఇంకా ఏ పేరూ లేని ఇంటి సంఘాలు, అన్నీ ఒకే రోడ్డు మీద ఉంటాయి. వీలైనన్ని సంఘాల నుంచి ఒక్కొక్కరు చొప్పున ఐదారుగురిని కూర్చోబెట్టండి. అందరూ అయ్యగార్లే అయితే పని జరగదు, ఇద్దరు ఆడవాళ్ళు, ఒక యూత్ అబ్బాయో అమ్మాయో తప్పనిసరి. ఒకే పేట గొంతులు, ఒకే కుటుంబం గొంతులు వినిపిస్తుంటే మిగతావాళ్ళు ఏమీ అనరు, నిశ్శబ్దంగా వినడం మానేస్తారు, అందుకని నెలకోసారి ఎవరి గొంతులు వచ్చాయి, ఎవరివి రాలేదు అని లెక్క చూసుకోండి.

మొదటి మీటింగులోనే కాగితం మీద రాసి సంతకాలు పెట్టించాల్సినవి ఉన్నాయి. ఏ సంఘాన్నీ పేరు పెట్టి గానీ పెట్టకుండా గానీ విమర్శించకూడదు. బాప్తిస్మం చిలకరింపా ముంచడమా, ఆరాధన శనివారమా ఆదివారమా, భాషల్లో మాట్లాడటం ఉందా లేదా అనేవి ఎవరి సంఘంలో వాళ్ళు చెప్పుకుంటారు, రేడియోలో వద్దు. ఇతర మతాల దేవుళ్ళ గురించి, పండగల గురించి, పూజల గురించి ఒక్క తక్కువ మాట రాకూడదు, సాక్ష్యం చెప్పేటప్పుడు తమ పాత జీవితం గురించి చెబుతూ ఆ మాట జారే అవకాశం ఎక్కువ, ఎడిటింగులో తీసేయండి. మత భావాల్ని కావాలని గాయపరచడం భారతీయ న్యాయ సంహిత 299 కింద నేరం, అయితే కేసు భయం కంటే ముందు ఆలోచించాల్సింది పక్కింటి వాళ్ళ గురించి. మీ రేడియో వాళ్ళ ఇంట్లో కూడా వినిపిస్తుంది, వినాలనే కదా మన కోరిక.

రాజకీయం వద్దు, ఎన్నికలప్పుడు అసలే వద్దు. అభ్యర్థి ఎవరైనా క్రిస్మస్ శుభాకాంక్షలు చెప్తానంటే కూడా వద్దనండి, ఒకరికి ఒప్పుకుంటే రెండోవాళ్ళకి కాదనలేరు.

గొంతు రికార్డు చెయ్యడం

స్టూడియో అనగానే ఏసీ గది, గోడలకి ఫోము అనుకుంటారు. ఒక చిన్న పడక గది చాలు. మంచం మీద పరుపు, తలుపుకీ కిటికీకీ మందపాటి దుప్పట్లు లేదా బొంతలు, తెరిచిపెట్టిన బట్టల బీరువా ఉంటే గది గొంతుని తిప్పికొట్టదు. టైల్స్ వేసిన ఖాళీ హాలు, చర్చి హాలు రికార్డింగుకి పనికిరావు. ఫ్యాను ఆపాల్సిందే, అందుకే ఎండాకాలంలో తెల్లవారుజామునే రికార్డింగు పెట్టుకోవడం మంచిది, అప్పుడు ఆటోలూ, మిక్సీలూ కూడా ఉండవు.

మైకు డైనమిక్ రకం కొనండి. కండెన్సర్ మైకు బాగుంటుందని షాపులో చెప్తారు, నిజమే, కానీ అది వీధి చివర కుక్క అరుపు కూడా పట్టుకుంటుంది. యూఎస్‌బీతో లాప్‌టాప్‌కి నేరుగా తగిలించే డైనమిక్ మైకు మూడు నుంచి ఆరు వేల రూపాయల్లో వస్తుంది. నోటికి పిడికెడు దూరంలో, కొంచెం పక్కకి పెట్టుకోవాలి, ఎదురుగా పెడితే ప, భ, ఫ పలికినప్పుడల్లా గాలి కొడుతుంది. రికార్డింగుకీ ఎడిటింగుకీ ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, పాత లాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. మీటరు మీద గొంతు మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆడాలి, సున్నాకి తగిలితే పగిలిపోతుంది, తర్వాత ఏం చేసినా బాగుపడదు. అన్ని కార్యక్రమాలనీ ఒకే స్థాయికి తెచ్చి వేయండి, చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే ఎల్‌యూఎఫ్ఎస్ అనే లెక్కలో మైనస్ 16 పెట్టుకుంటే సరిపోతుంది, ఆడాసిటీలోనే లౌడ్‌నెస్ నార్మలైజేషన్ అని ఉంటుంది. లేకపోతే ప్రార్థన వినపడక సౌండ్ పెంచిన ముసలమ్మ చెవిలో తర్వాత పాట పిడుగులా పడుతుంది.

అన్నిటికంటే కష్టమైన పని ప్రసంగీకుల్ని మార్చడం. వాళ్ళకి హాల్లో అరిచి చెప్పడం అలవాటు, మైకులో ఎకో పెట్టించుకోవడం అలవాటు. రేడియోలో ఎకో పూర్తిగా తీసేయండి. అయ్యగారికి గౌరవంగా చెప్పండి, అయ్యగారూ, మీరు ఇప్పుడు ఒక్కరికే చెబుతున్నారు, ఆవిడ అంట్లు తోముకుంటూ ఫోను గట్టు మీద పెట్టుకుని వింటోంది అని. ఏడు నిమిషాలు ఇవ్వండి. ముప్పై నిమిషాలు కావాలంటారు, ఇవ్వకండి. ఒక వచనం, దాని సందర్భం, ఈ రోజుకి ఒక మాట, ప్రార్థన. మొదట్లో అలుగుతారు, తర్వాత సంఘంలో వాళ్ళు వచ్చి అయ్యగారూ, రేడియోలో మీ మాట చాలా బాగా అర్థమవుతోంది అన్నాక వాళ్ళే ఐదు నిమిషాలకి తగ్గించుకుంటారు. ప్రార్థన వెనక కీబోర్డు వాయించేటప్పుడు బాగా తగ్గించి పెట్టండి, చాలాసార్లు అది కూడా అక్కర్లేదు.

ముసలివాళ్ళని స్టూడియోకి పిలవకండి, వాళ్ళ ఇంటికి వెళ్ళండి. ఫోనులో రికార్డు చేసినా పర్వాలేదు, కానీ ఫోనుని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వాళ్ళ నోటికి జానెడు దూరంలో పట్టుకోవాలి. ప్రశ్న అడిగి ఊరుకోండి. వాళ్ళు ఆగినప్పుడు మీరు అందుకోకండి, అసలు మాట ఆ ఆగిన తర్వాతే వస్తుంది.

పాటలు, హక్కులు

ఇది చాలామంది పట్టించుకోని విషయం. మన దేశంలో కాపీరైటు రచయిత బతికినంతకాలం, చనిపోయాక ఇంకో 60 ఏళ్ళు ఉంటుంది. పాట రికార్డింగుకి విడిగా 60 ఏళ్ళు ఉంటుంది. అంటే 1890లో చనిపోయిన పురుషోత్తమ చౌదరిగారి కీర్తనల మాటలు ఎవరైనా పాడుకోవచ్చు, కానీ వాటినే పోయినేడాది ఎవరో ఆల్బమ్‌గా చేస్తే ఆ రికార్డింగు వాళ్ళదే, అడగకుండా వేయకూడదు. ఆరాధనలో పాడుకోవడానికి చట్టంలో మినహాయింపు ఉంది కదా అంటారు, ఆ మినహాయింపు నిజమైన మతపరమైన కార్యక్రమంలో పాడటానికి, ప్రసారానికి వర్తిస్తుందని అనుకోకండి. నిర్ణయించిన రుసుము కట్టి, హక్కుదారుల అనుమతి విడిగా అడగకుండానే పాటలు వేసుకునేలా ఎఫ్ఎం స్టేషన్లకి చట్టంలో ఉన్న లైసెన్సు సదుపాయం ఇంటర్నెట్ ప్రసారానికి రాదని బాంబే హైకోర్టు 2019లో చెప్పింది.

నా సలహా సూటిగా ఇది. పాత కీర్తనల్ని మీ ఊరి క్వాయరు చేతే పాడించి రికార్డు చెయ్యండి. ఖర్చు తక్కువ, హక్కు మీదే, పైగా ఊరి గొంతు. మన కీర్తనల పుస్తకంలో ఇప్పటి పిల్లలకి రాగం తెలియనివి ఎన్నో ఉన్నాయి, ఆ రాగాలు తెలిసిన పెద్దవాళ్ళు ఒక్కొక్కరే ప్రభువునందు నిద్రిస్తున్నారు, మీరు రేడియో కోసం చేసే రికార్డింగు ఆ రాగానికి మిగిలే ఒకే ఒక్క గుర్తు కావచ్చు. పాడినవాళ్ళ దగ్గర చిన్న కాగితం మీద అనుమతి సంతకం తీసుకోండి. కొత్త పాటలు కావాలంటే రాసినవాళ్ళకే ఫోను చెయ్యండి, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు, ఒప్పుకున్నట్టు ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టమనండి, దాన్ని దాచండి. బైబిలు పఠనం వరసగా ప్రసారం చేయాలనుకుంటే ఆ అనువాదం ఎవరిదో చూసుకుని, బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా వాళ్ళదైతే వాళ్ళకి ముందే ఉత్తరం రాయండి.

చెప్పకూడనివి

ప్రార్థన విన్నపాలు వాట్సాప్‌లో వస్తాయి, గుండె పిండేసేవి వస్తాయి. వాటిని ఉన్నవి ఉన్నట్టు చదవకండి. చిన్న ఊళ్ళో పేరు చెప్పకపోయినా, ఫలానా వీధిలో ఉన్న సోదరి, పెళ్ళై ఏడేళ్ళైనా పిల్లలు లేరు అంటే అందరికీ తెలిసిపోతుంది. రోగం పేరు, ఇంటి గొడవ, అప్పు, ఇవేవీ వద్దు. ఒక సోదరి కుటుంబం కోసం ప్రార్థిద్దాం అంటే దేవుడికి అర్థమవుతుంది.

బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ పేర్లు కూడా చదవకండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవంలోకి మారిన దళితులకి ఎస్సీ హోదా ఉండదు, మన రెండు రాష్ట్రాల్లోనూ వాళ్ళు బీసీ-సీలోకి వస్తారు. కాగితాల్లో ఏం రాసుకోవాలి, ఎప్పుడు మార్చుకోవాలి అనేది ఆ మనిషి తన మనస్సాక్షితో తేల్చుకోవాల్సిన విషయం, మీ రేడియో రికార్డింగు వాళ్ళ తరఫున ఊరంతటికీ ప్రకటించకూడదు. పిల్లల గొంతు వేసేముందు తల్లిదండ్రుల్ని అడగండి, ఇంటిపేరు, స్కూలు పేరు వదిలేయండి.

స్వస్థత సాక్ష్యాల గురించి గట్టిగా చెప్పాలి. దేవుడు బాగుచేశాడని ఎవరైనా చెబితే వినండి, వేయండి. కానీ షుగరు మాత్రలు మానేశాను, బీపీ మాత్రలు మానేశాను, టీబీ కోర్సు మధ్యలో ఆపేశాను అనే మాట ఒక్కటి కూడా ప్రసారంలోకి పోకూడదు. టీబీ మందు మధ్యలో ఆపితే జబ్బు మందులకి లొంగకుండా తయారవుతుంది, ఇంట్లో వాళ్ళకీ అంటుకుంటుంది. నూనె సీసా, నీళ్ళ సీసా, ఇది వాడితే ఆ రోగం పోతుంది అనే ప్రకటనలకి 1954 నాటి చట్టం అడ్డుంటుంది, అయితే చట్టం లేకపోయినా మనం చెయ్యకూడని పని అది. ఆ వారమే ఊళ్ళో ప్రభుత్వాసుపత్రి నర్సుగారిని పిలిచి మందులు ఎందుకు ఆపకూడదో ఐదు నిమిషాలు చెప్పించండి.

మరణ వార్తలు మాత్రం తప్పకుండా చెప్పండి, చిన్న ఊరి రేడియోకి అది పెద్ద సేవ. కుటుంబంలో ఇద్దరిని వేర్వేరుగా అడిగి రూఢి చేసుకున్నాకే పేరు, భూస్థాపన టైము, చోటు రెండుసార్లు నెమ్మదిగా చదవండి.

ప్రసారం ఎలా నడుస్తుంది

మీ లాప్‌టాప్ నుంచి ఒక్క స్ట్రీమ్ సర్వరుకి వెళ్తుంది, వినేవాళ్ళందరికీ పంచేది సర్వరు. కాబట్టి మీ ఊళ్ళో ఇంటర్నెట్ గొప్పగా ఉండక్కర్లేదు. సర్వరు మీద ఐస్‌కాస్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడుస్తుంది, దాన్నీ, పాటల లిస్టుల్నీ, టైము పట్టికనీ కలిపి బ్రౌజరులోనే నడిపించుకునేలా చేసేది ఆజురాకాస్ట్, అదీ ఉచితమే. 4 జీబీ ర్యామ్ ఉన్న అద్దె సర్వరు చిన్న రేడియోకి చాలు, నెలకి ఐదొందల నుంచి పదిహేనొందల మధ్య అవుతుంది. ఊళ్ళో బీటెక్ చదివి ఇంట్లో ఉన్న పిల్లలు ఒక్క రోజులో పెట్టేస్తారు, వాళ్ళని అడగండి, అలాంటి పని కోసమే ఎదురుచూస్తుంటారు.

అన్నీ ముందే రికార్డు చేసి సర్వరులోకి ఎక్కించేయండి. ఇది నేను చెప్పే వాటిలో ముఖ్యమైనది. అప్పుడు ఊళ్ళో కరెంటు పోయినా, ఫైబరు తెగినా రేడియో ఆగదు. లైవ్ ఆదివారం ఆరాధనకీ, గుడ్ ఫ్రైడే ఏడు మాటలకీ, క్రిస్మస్ రాత్రికీ ఉంచుకోండి. లైవ్‌కి బీయూటీటీ అనే చిన్న ప్రోగ్రాం చాలు. చర్చి మిక్సరు రికార్డ్ అవుట్ నుంచి వైరు లాగితే ప్రసంగ పీఠం మైకు బాగా వస్తుంది గానీ సంఘం పాడేది వినపడదు, అందుకని హాలు మధ్యలో ఇంకో మైకు పెట్టి తక్కువగా కలపండి. రౌటరుకీ లాప్‌టాప్‌కీ ఇన్వర్టరు ఉండాలి, ఫైబరు పోతే వెంటనే తగిలించడానికి వేరే కంపెనీ సిమ్ ఉన్న ఫోను పక్కన పెట్టుకోండి. లైవ్ తెగిపోతే సర్వరు దానంతటదే కీర్తనల లిస్టుకి వెళ్ళేలా సెట్ చెయ్యండి. రెండు నిమిషాలు నిశ్శబ్దం వస్తే విన్నవాళ్ళు లింకు మూసేస్తారు, తిరిగి రారు.

నాణ్యత గురించి ఎక్కువ ఆశపడకండి. ఏఏసీ ప్లస్ అనే ఆడియో పద్ధతిలో 64 కేబీపీఎస్ వేగం పెడితే పాటలు చక్కగా వినిపిస్తాయి, గంటకి దాదాపు 29 ఎంబీ ఖర్చవుతుంది. మాటలకి 32 చాలు, గంటకి 14 ఎంబీ. రెండు లింకులూ పెట్టండి, డేటా తక్కువున్నవాళ్ళు చిన్నది వాడుకుంటారు. లింకు తప్పనిసరిగా హెచ్‌టీటీపీఎస్‌తో మొదలవ్వాలి, లేకపోతే చాలా ఫోన్లలో తెరుచుకోదు. యాప్ తర్వాత చూసుకోవచ్చు, మొదట వాట్సాప్‌లో పంపితే నొక్కగానే మోగే లింకు ఉండాలి.

స్మార్ట్‌ఫోను లేనివాళ్ళ సంగతి మర్చిపోకండి, ఎక్కువ అవసరం వాళ్ళకే. వారం కార్యక్రమాలన్నీ మెమరీ కార్డుల్లో, పెన్‌డ్రైవుల్లో ఎక్కించి ఆదివారం చర్చి గుమ్మం దగ్గర ఇచ్చి, పాతవి తిరిగి తీసుకోండి. ఆటోవాళ్ళు, టీ కొట్టు వాళ్ళు పెన్‌డ్రైవు అడిగి మరీ తీసుకుంటారు. చర్చి మీద ఉన్న మైకు సెట్టుకి మాత్రం రేడియో తగిలించకండి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకూ బయటి లౌడ్‌స్పీకర్లకి అనుమతి లేదు, పగలైనా సరే, వినాలనుకోని వాళ్ళ మీద వాక్యం రుద్దితే అది వాక్యానికే చెడ్డపేరు.

తుఫాను టైములో మీ రేడియో మీద ఆధారపడొద్దని విన్నవాళ్ళకి ముందే చెప్పండి. ముందు పోయేవి సెల్ టవర్లు, ఇంటర్నెట్టే. తీరం వైపు ఊళ్ళైతే ఇంటికో చిన్న బ్యాటరీ రేడియో, దాంట్లో ఆకాశవాణి పెట్టుకోమనండి. హెచ్చరికలు చదవాల్సి వస్తే వాతావరణ శాఖ, కలెక్టరాఫీసు ఇచ్చినవి ఉన్నవున్నట్టు చదవండి, సొంత మాట కలపకండి.

డబ్బు

లాప్‌టాప్ ఉన్నదే వాడుకుంటే మైకు, స్టాండు, హెడ్‌ఫోన్లు, ఇన్వర్టరు, మొదటి ఏడాది సర్వరు అద్దె అన్నీ కలిపి సుమారు నలభై వేలలో తేలిపోతుంది. నెలనెలా ఖర్చు కొన్ని సంఘాలు పంచుకుంటే ఎవరికీ భారం కాదు. ప్రసారంలో కానుకలు అడగకండి. ఒక్కసారి అకౌంటు నంబరు చదవడం మొదలుపెడితే విన్నవాళ్ళ చెవికి ఆ తర్వాత అంతా డబ్బు గొంతులాగే వినిపిస్తుంది. లెక్కలు మాత్రం మూడు నెలలకోసారి కాగితం మీద రాసి అన్ని చర్చిల నోటీసు బోర్డుల మీద అంటించండి.

విదేశాల నుంచి వచ్చే డబ్బు దగ్గర జాగ్రత్త. డల్లాస్‌లో ఉన్న బాబాయిగారికి ఇంకా ఇండియా పాస్‌పోర్టే ఉంటే, ఆయన తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు, పాస్‌పోర్టు కాపీ ఒకటి ఫైల్లో పెట్టుకోండి. ఆయన అమెరికా పౌరుడైపోయి ఓసీఐ కార్డు ఉంటే మాత్రం అది విదేశీ విరాళమే, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్ఏ కింద రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు, రిజిస్ట్రేషన్ ఉన్నా ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి అకౌంటులోకే రావాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, వార్తలు, వర్తమాన వ్యవహారాలు ప్రసారం చేసే సంస్థలు ఈ చట్టం కింద విదేశీ విరాళం అసలు తీసుకోకూడదు. అందుకే మీ రేడియోలో వార్తలు వద్దు. తేడా వస్తే రేడియోతో పాటు సంఘం నడిపే స్కూలూ, హాస్టలూ కూడా ఇబ్బందిలో పడతాయి, కాబట్టి ఒక మంచి ఆడిటరుని మొదట్లోనే కలవండి.

నిలబడటానికి

మొదలుపెట్టేముందే ముప్పై రోజులకి సరిపడా కార్యక్రమాలు రికార్డు చేసి పెట్టుకోండి. అది లేకుండా ప్రారంభోత్సవం పెట్టకండి. రెండో నెలలో ఎవరికో పరీక్షలు, ఎవరింట్లోనో పెళ్ళి, కోతలు, అయ్యగారికి ట్రాన్స్‌ఫర్, అన్నీ ఒకేసారి వస్తాయి, అప్పుడు ఆ నిల్వే ఆదుకుంటుంది. ఎడిటింగు చేసే కుర్రాడికి ఉద్యోగం వచ్చి హైదరాబాదు వెళ్ళిపోతాడు, వెళ్ళాలి కూడా, అందుకని మొదటి రోజు నుంచే అతని పక్కన ఇంకొకరు కూర్చుని నేర్చుకోవాలి, ఆ ఇంకొకరు అమ్మాయి అయితే మరీ మంచిది. సర్వరు పాస్‌వర్డులు, డొమైను రెన్యువల్ తేదీ, బ్యాంకు కాగితాలు ఒకే మనిషి ఫోనులో ఉండకూడదు, ముగ్గురి దగ్గర ఉండాలి, వాళ్ళు వేర్వేరు సంఘాల వాళ్ళు అయ్యుండాలి. అసలు రికార్డింగులన్నీ రెండు హార్డ్‌డిస్కుల్లో కాపీ చేసి, ఒకటి స్టూడియో ఉన్న ఇంట్లో, రెండోది వేరే ఇంట్లో పైఅరలో పెట్టండి. ప్రతి ఫైలుకీ పేరు తెలుగులోనో ఇంగ్లీషులోనో ఒకే పద్ధతిలో పెట్టండి, తేదీ, పాడినవాళ్ళు లేదా మాట్లాడినవాళ్ళు, ఊరు. కీర్తన అయితే రాగం పేరు కూడా.